నలభై ఏడు అర డాలర్లు

సత్తిబాబు నమిలినప్పుడల్లా టక్కుమని చిన్న శబ్దం వస్తుంది. కుడి దవడలో, చెవికి కాస్త కింద. మెత్తటి ఇడ్లీ తిన్నా వస్తుంది. పదిహేడేళ్ల తరవాత మొన్న శనివారం, మోరిస్‌విల్‌లో మా ఇంట్లో కూర్చుని అతను వంకాయ కూర తింటుంటే, మా తొమ్మిదేళ్ల మేఘన తినడం మానేసి ఆ శబ్దం ఎక్కడినుంచి వస్తోందా అని వెతికింది. చివరికి కనిపెట్టి, "అంకుల్, మీ ఫేస్ క్లిక్ చేస్తోంది," అంది. మా ఆవిడ దాన్ని ఉరిమి చూసింది. సత్తిబాబు మాత్రం నవ్వి, "అవునమ్మా, పాత మోడలు. ఎలా పాడైందో మీ డాడీకి తెలుసు," అన్నాడు. నేను పెరుగు తేవడానికి లేచి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాను. పెరుగు టేబుల్ మీదే ఉంది.

ఆఫీసు పని మీద ఈ ఊరు వచ్చాడట. ఎవరో నా నంబర్ ఇచ్చారట. "ఒరే మురళీ, నేనురా, సత్తిబాబుని. మధ్యాహ్నం భోజనానికి రావొచ్చా?" అని ఫోన్ చేశాడు. వద్దనడానికి నాకు మంచి కారణమే ఉంది కానీ అది ఫోన్‌లో చెప్పేది కాదు.

అప్పట్లో ఎడిసన్‌లో, ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్లగలిగేంత దూరంలో, రెండో అంతస్తులో మా ముగ్గురికీ కలిపి ఒక అపార్ట్‌మెంట్ ఉండేది. కంపెనీవాళ్లు దాన్ని గెస్ట్ హౌస్ అనేవారు. గెస్టుల్ని అలా చూసే ఇల్లు నేను మరెక్కడా చూడలేదు. ముగ్గురం హెచ్‌వన్ మీద వచ్చినవాళ్లమే, ముగ్గురం బెంచ్ మీదే. అంటే ప్రాజెక్టు లేదు, ప్రాజెక్టు లేదు కాబట్టి జీతం లేదు, జీతం రావడం లేదని ఎక్కడైనా నోరు జారితే వీసా కూడా ఉండదు. నేను హైదరాబాద్ దిల్‌సుఖ్‌నగర్ వాణ్ణి. సత్తిబాబుది మండపేట దగ్గర, వాళ్ల నాన్నకి రైసు మిల్లు ఉండేది. ప్రతాప్‌ది బెజవాడ. మా ఇద్దరికీ లేనివి అతనికి రెండున్నాయి: ఒక పాత కారు, కోపం. కారు చలికాలంలో స్టార్ట్ అయ్యేది కాదు.

ప్రతాప్ కోపానికి మేము వాతావరణానికి అలవాటు పడినట్టు పడ్డాం. రిక్రూటర్ ఫోన్ ఎత్తకపోతే బాత్రూమ్ తలుపుకి ఒక గుద్దు. ఇంటర్వ్యూ పోతే కుక్కర్ మూత గోడకి. ఆ గోడ మీద నెలవంకల్లాంటి గుంటలు ఎన్నున్నాయో చూస్తే అతను ఎన్ని ఇంటర్వ్యూలు ఇచ్చాడో చెప్పొచ్చు. ఒకసారి నేను తెలియక అతని పెరుగు డబ్బా ఖాళీ చేస్తే టీవీ రిమోట్ వచ్చి నా కనుబొమ్మకి తగిలింది. తగిలిందనే నేను అందరికీ చెప్పాను, విసిరాడని చెప్పలేదు. మూడు కుట్లు పడాల్సిన చోట సత్తిబాబు పసుపు అద్ది, కాగితపు ప్లాస్టర్ వేశాడు. ఇంట్లో ఏం జరిగినా నిశ్శబ్దంగా జరగాలన్నది మాత్రం ముగ్గురి ఉమ్మడి నియమం. కింద ఫ్లాట్‌లో ఒంటరిగా ఉండే ముసలావిడ కొంచెం చప్పుడైతే చాలు, చీపురు కర్రతో తన సీలింగ్‌ని, అంటే మా నేలని, పొడిచేది. ఇంకోసారి గొడవైతే ఆవిడ పోలీసుల్ని పిలుస్తుందని అపార్ట్‌మెంట్ మేనేజర్ హెచ్చరించి వెళ్లాడు. పోలీసులంటే కేసు, కేసంటే విమానం. అందుకని మా ఇంట్లో కొట్టేవాడూ అరిచేవాడు కాదు, కొట్టించుకునేవాడూ అరిచేవాడు కాదు. ఎవరి మీదికైనా వచ్చేముందు ప్రతాప్ దారిలో ఉన్న కుర్చీని మెల్లగా ఎత్తి గోడవారగా పెట్టేవాడు, కిందపడి చప్పుడు చేయకుండా. కుర్చీ కదిలిందంటే మాకు అర్థమైపోయేది.

వంట సత్తిబాబుది. పొద్దున్న పదింటికే ఇంట్లో ఇంగువ పోపు వాసన, ఆరని తువ్వాళ్ల వాసన కలిసిపోయి ఉండేవి. బియ్యం కొలవడం అతనికి పూజలాంటిది. స్టీలు గ్లాసుని నిండా ముంచి, పైన అరచేత్తో చదును చేసి, కుక్కర్‌లో పోస్తూ "లాభం" అని గట్టిగా అనేవాడు. మిగతా గ్లాసులు పెదాలు కదుపుతూ లోపల్లోపలే. వాళ్ల నాన్న మిల్లులో ఆ మాట అననిదే కొలత మొదలయ్యేది కాదట. ఆయన ధాన్యాన్ని పిడికిట్లోకి తీసుకుని, కళ్లు మూసుకుని, తేమ ఎంతో చెప్పేవాడట. కొడుకు వేళ్లకీ ఆ గుణం వచ్చింది. ప్రాజెక్టు తెచ్చుకోవడానికి పనికి రాలేదు గానీ తరవాత పనికొచ్చింది.

ఎందుకంటే వెండి ఉపాయం కనిపెట్టింది సత్తిబాబే. బ్యాంకులో ఐదు వందల డాలర్లు కట్టి అడిగితే వెయ్యి అర డాలర్ బిళ్లలున్న పెట్టె తెప్పించి ఇస్తారు. ఇరవయ్యేసి బిళ్లల కాగితపు చుట్టలు యాభై ఉంటాయి. అరవై నాలుగులోనూ అంతకు ముందూ ముద్రించినవాటిలో చాలావరకు వెండే, ఆ తరవాత కొన్నేళ్లవాటిలో కొంత. అప్పటికి కరిగిస్తే ఒక్కో పాత బిళ్ల దాని మీద రాసి ఉన్నదానికి పదిరెట్లు పలుకుతోంది. చుట్ట విప్పి, బిళ్లల్ని వరసగా పేర్చి, అంచులు చూడాలి. మామూలు బిళ్ల అంచున రాగి గీత కనిపిస్తుంది, వెండి బిళ్ల అంచు తెల్లగా ఉంటుంది. సత్తిబాబుకి చూడనక్కర్లేదు. వేలితో తడిమి "ఇదీ" అని తీసి పచ్చడి సీసాలో వేసేవాడు. పెట్టుబడి ప్రతాప్‌ది, డ్రైవింగ్ ప్రతాప్‌ది. ఏరడం సత్తిబాబుది. లెక్క నాది, ఎంసెట్‌లో మంచి ర్యాంకు వచ్చిందని. వెండి తీసేశాక మిగిలిన బిళ్లల్ని ఇంకో బ్యాంకుకి తీసుకెళ్లి, హాల్లో ఉన్న లెక్కపెట్టే మెషీన్‌లో పోస్తే అది చీటీ ఇస్తుంది, కౌంటర్‌లో ఆ చీటీకి డబ్బులిస్తారు. సాయంత్రానికి మా వేళ్లు నల్లగా అయ్యేవి. ఎంత కడుక్కున్నా పెరుగన్నంలో ఇనుప వాసన వచ్చేది.

ఆ మెషీన్ మీద మాకు మొదట్లో గౌరవం ఉండేది. పైన పళ్లెంలో పోస్తే వడగళ్లు పడ్డట్టు మోగుతూ మింగేది, నచ్చనివాటిని కింద చిన్న గూట్లోకి ఉమ్మేసేది. ఎవరో అక్కర్లేదని ఆ గూట్లో వదిలేసిన వాటిలో ఒకసారి సత్తిబాబుకి రెండు వెండి డైములు, అంటే పది సెంట్ల బిళ్లలు, దొరికాయి, బరువు తేడా వల్ల మెషీన్ వాటిని దొంగ నాణేలనుకుంది. అర డాలర్ బిళ్లలు పెద్దవి కదా, అప్పుడప్పుడూ గొంతుకి అడ్డం పడేవి. ఒక వారం మా లెక్క కంటే దాని లెక్కలో మూడు బిళ్లలు తక్కువొచ్చాయి. డాలరున్నర. ప్రతాప్ దాన్ని మోకాలితో గుద్దాడు. తరవాత అరచేత్తో, ఆ తరవాత మూసిన పిడికిలితో, రేకు సొట్టపోయేదాకా. మెషీన్‌కి వీసా సమస్య లేదు, అది గట్టిగా అరిచింది. సెక్యూరిటీ గార్డు వచ్చాడు. సత్తిబాబు ఇద్దరి మధ్యా దూరి నవ్వుతూ, సారీ చెబుతూ మమ్మల్ని బయటికి తోశాడు. అతని నవ్వు అలాంటిది, పనికొచ్చేది. కార్లో కూర్చున్నాక ప్రతాప్ చెప్పాడు: "ఇకమీదట మెషీన్‌ని నమ్మేది లేదు. చేత్తో లెక్కపెట్టి, కాగితం మీద రాసుకుని అప్పుడు పోద్దాం. తేడా వస్తే ఎవడు తిన్నాడో తేలాలి."

తరవాతి పెట్టె అదృష్టవంతమైంది. పదమూడు వెండి బిళ్లలు వచ్చాయి. శనివారం మధ్యాహ్నం, కార్పెట్ మీద దుప్పటి పరిచి, పదమూడూ సీసాలో వేసి, మిగిలినవి నా ముందు పోశారు. దశ తిరిగింది కదా అని నేను ఆ రోజు సరదాగా సత్తిబాబు పద్ధతిలో మొదలుపెట్టాను. మొదటి బిళ్ల దుప్పటి మీద పెట్టి "లాభం" అని గట్టిగా అన్నాను, ఉత్తరం మీద శ్రీరామ రాసినట్టు. ఇరవై రాగానే ఒక దొంతి. మళ్లీ లాభం, మళ్లీ దొంతి. సత్తిబాబు గోడకి ఆనుకుని నన్నే చూస్తూ నవ్వుకుంటున్నాడు. నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని నేను ఇంకా రాగం తీశాను.

దొంతులు నలభై ఏడు వచ్చాయి. తొమ్మిది వందల నలభై. సీసాలో పదమూడు. పెట్టెలో ఉండాల్సింది వెయ్యి.

"నలభై ఏడు తక్కువ," అన్నాను. పుట్టినప్పటినుంచీ నేను పలికిన అంకెల్లో అదొక్కటే మళ్లీ వెనక్కి తీసుకోవాలనిపిస్తుంది.

ప్రతాప్ లేచి కుర్చీ తీసి గోడవారగా పెట్టాడు.

"బిళ్లలు ముందు ముట్టుకునేది ఎవడ్రా?" అన్నాడు మెల్లగా.

"నేనే," అన్నాడు సత్తిబాబు. ఇంకా నవ్వుతున్నాడు.

"పదమూడే వెండి అని చెప్పిందెవడు?"

"ఆగరా బాబూ, చెప్తాను. ఈ మురళిగాడున్నాడే, వీడు..."

ఆ నవ్వే కొంప ముంచింది. నలభై ఏడు వెండి బిళ్లలు కొట్టేసి మొహం మీద నవ్వుతున్నాడని ప్రతాప్‌కి అర్థమైంది. తరవాతి వారానికని తెచ్చిన ఇంకో పెట్టెలోంచి విప్పని చుట్ట ఒకటి అతని చేతిలో ఉంది. దాని చుట్టూ పిడికిలి బిగించి కొట్టాడు. ఇరవై బిళ్లలు, పది డాలర్లు. దవడ రెండు చోట్ల విరిగింది. ఎండిన చెరకు ముక్క విరిచినట్టు చప్పుడైంది, అంతే. సత్తిబాబు పడబోతూ కూడా నేల మీద చప్పుడు కాకుండా గోడ పట్టుకుని జారాడు. ప్రతాప్ అతని చొక్కా పట్టుకుని లేపాడు, మళ్లీ కొట్టాడు, ఈసారి పక్కటెముకల్లో. "ఎక్కడ పెట్టావురా? చెప్పు. ఎక్కడ పెట్టావు?" అంతా గుసగుసల్లోనే. సత్తిబాబు నోట్లోంచి రక్తం నా దొంతుల మీద పడింది. ఏదో చెప్పబోయాడు, మాట కాలేదు. కింద నుంచి చీపురు కర్ర రెండుసార్లు పొడిచింది. ముగ్గురం ఉన్నచోటే ఆగిపోయాం. ప్రతాప్ నేలవైపు వంగి ఇంగ్లీషులో, "సారీ మేడమ్," అన్నాడు. కాసేపు ఆగి మళ్లీ మొదలుపెట్టాడు. తరవాత సూట్‌కేసు చింపాడు, దిండు కోశాడు, బియ్యం బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి కెలికాడు. నేనేం చేశానంటే, రక్తం పడిన బిళ్లల్ని తడిగుడ్డతో తుడిచాను. ఎవరో ఒకరు తుడవాలి కదా.

ఆసుపత్రిలో మెట్ల మీద పడ్డాడని చెప్పాం. నర్సు అతని పక్కటెముకలు చూసి, "ఎన్ని మెట్లు?" అని అడిగింది. నన్ను బయటికి పంపి, ఇంట్లో నీకు భయం లేదు కదా అని కూడా అడిగిందట. లేదని తలూపాడట. కింది పళ్లకీ పై పళ్లకీ వైరు కట్టేశారు, ఆరు వారాలు నోరు తెరవకూడదన్నారు. నేను లోపలికి వెళ్లేసరికి అతని ఒళ్లో చిన్న కాగితాల పుస్తకం ఉంది. అందులో ఏదో రాసి నా వైపు తిప్పాడు. "మెషీన్‌లో పొయ్యి."

సోమవారం పొద్దున ఆ దొంతులన్నీ ఒక సంచిలో పోసుకుని, సొట్టపోయిన మెషీన్ లేని ఇంకో బ్రాంచికి వెళ్లాను. ప్రతాప్ కార్లోనే కూర్చున్నాడు, వాచిన పిడికిలి మీద ఫ్రీజర్‌లోంచి తీసిన బఠానీల పొట్లం పెట్టుకుని. మెషీన్ ఒక్కటి కూడా ఉమ్మకుండా అన్నీ మింగి చీటీ ఇచ్చింది. తొమ్మిది వందల ఎనభై ఏడు. దానికి పదమూడు కలపడానికి ఎంసెట్ ర్యాంకు అక్కర్లేదు. పెట్టెలో ఒక్క బిళ్ల కూడా పోలేదు. సత్తిబాబు ఏమీ తీయలేదు. నా లెక్కే తప్పు, ఎలా తప్పిందో తెలియదు గానీ తప్పు. కౌంటర్‌లో అమ్మాయి డబ్బులిచ్చి, చీటీ మీద తేదీ ముద్ర కొట్టి నాకే ఇచ్చేసింది. అద్దాల తలుపు దగ్గర నిలబడి కారు వైపు చూశాను. కారులో పిడికిలి కనిపిస్తోంది. ఈ మెషీన్ కూడా తప్పే చూపించి ఉంటుంది, పోయిన వారం చూపించలేదా అని నాకు నేను చెప్పుకున్నాను. నమ్మడానికి చాలా కష్టపడ్డాను, చివరికి నమ్మాను. నాలుగు వందల డెబ్భై డాలర్లు ప్రతాప్ చేతిలో పెట్టాను. నా లెక్క ప్రకారం రావాల్సింది అంతే. మిగిలిన ఇరవై మూడున్నరతో సత్తిబాబుకి ఒక వారానికి సరిపడా మిల్క్‌షేక్‌లు కొన్నాను. అతను స్ట్రా పెదాల మధ్య పెట్టుకుని నా కళ్లలోకి చూసి, కనుబొమ్మలు ఎగరేసి అడిగాడు. నేను స్ట్రా వంకరగా ఉందని సరిచేశాను.

అతని నోటి వైరు విప్పే నాటికి ముగ్గురం మూడు చోట్లకి చెదిరిపోయాం. ప్రతాప్ ప్రతి గెస్ట్ హౌస్‌కీ ఫోన్ చేసి చెప్పాడు, వెండి దొంగ వస్తాడు జాగ్రత్త అని. ఎడిసన్‌లో ఎవరూ సత్తిబాబుకి గది ఇవ్వలేదని, రెండు నెలలు ఎవరిదో బేస్‌మెంట్‌లో బాయిలర్ పక్కన పడుకున్నాడని తరవాత విన్నాను. వాళ్ల నాన్న చెవిదాకా వెళ్లిందట ఆ మాట. మిల్లులో ఒక్క గింజ తేడా వస్తే కూలీల ముందు తన జేబులోంచి తీసి ఇచ్చే మనిషాయన. ఇప్పుడు ప్రతాప్ సన్నీవేల్‌లో పెద్ద పదవిలో ఉన్నాడు. కోపాన్ని ఎలా జయించాలో ఆన్‌లైన్‌లో రాస్తుంటాడు. బాగానే రాస్తాడు. నేను ఒకటి రెండింటికి లైక్ కూడా కొట్టాను. ఆ బ్యాంకుల్లో మెషీన్లు తీసేశారట. మా ఇంట్లో మెట్లకి మెత్తటి కార్పెట్ ఉంది, కింద ముసలావిడ లేదు, ఎంత గట్టిగా అరిచినా ఎవరూ పోలీసుల్ని పిలవరు. అయినా డైనింగ్ టేబుల్ దగ్గర ఎవరైనా కుర్చీ జరిపితే నేను ముందు వాళ్ల చేతులు చూస్తాను. మా ఆవిడ అది నా మర్యాద అనుకుంటుంది.

మొన్న భోజనమయ్యాక మేఘన తన కిడ్డీ బ్యాంకు తెచ్చి కార్పెట్ మీద బోర్లించింది. "డాడీ, స్టోర్‌లో మెషీన్ ఉంది కదా, దాన్లో వేద్దాం," అంది.

"మెషీన్‌లో పోసేముందు చేత్తో లెక్కపెట్టాలమ్మా," అని సత్తిబాబు మోకాళ్లు పట్టుకుని కిందకి దిగాడు. "రా, నేను చూపిస్తాను." ఒక పెన్నీ తీసి ముందు పెట్టాడు. "లాభం." ఇంకోటి. "రెండు. మూడు. నాలుగు..."

"వెయిట్, వెయిట్. అంకుల్, వన్ ఎక్కడ? యూ స్కిప్డ్ వన్!"

"స్కిప్ కాలేదమ్మా. లాభమే ఒకటి. మా మిల్లులో కొలత మొదలెట్టేప్పుడు ఒకటి అనరు, లాభం అంటారు. తరవాత రెండే."

నేను కాఫీ గ్లాసులతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. ఆ శనివారం నేను లాభం అని ఒక బిళ్ల పెట్టి, దాని తరవాత ఒకటి అని ఇంకో బిళ్ల పెట్టాను. ప్రతి ఇరవైలోనూ ఇరవై ఒకటి. దొంతికి ఒకటి చొప్పున నలభై ఏడు దొంతుల్లో నలభై ఏడు. నేను ఇంజనీర్ని. ఆ లెక్క తేల్చడానికి నాకు పదిహేడేళ్లు పట్టింది, మా అమ్మాయికి నాలుగు పెన్నీలు పట్టాయి. కాఫీలు టేబుల్ మీద పెట్టి పైకి వెళ్లాను. పాత వీసా కాగితాల ఫైలు అడుగున ఆ చీటీ ఉంది, అంకెలు వెలిసిపోయి, ఇంకా చదవగలిగేటట్టు. "సత్తీ, ఒకసారి గరాజ్‌లోకి వస్తావా, పాత సామాను చూపిస్తాను," అన్నాను.

గరాజ్‌లో చీటీ అతని చేతిలో పెట్టాను. కళ్లజోడు పెట్టుకుని లైటు కిందకి జరిగి చదివాడు. పెదాలు కదిలాయి, పదమూడు కలుపుకుంటున్నట్టు.

"నా లెక్కే తప్పురా. లాభం తరవాత ఒకటి అన్నాను. నాకు ఇప్పుడే తెలిసింది," అన్నాను.

"నాకప్పుడే తెలుసు. మొదటి దొంతికే తెలుసు. ఎంతదాకా పోతావో చూద్దామని నవ్వుకుంటూ కూర్చున్నాను. చివర్లో చెబుదామనుకున్నా."

"మరి తరవాతైనా చెప్పాల్సింది కదరా."

"నోరు వైరు కట్టేశారు కదరా," అన్నాడు. అతని దవడ టక్కుమంది. "లెక్క ఎలా తప్పిందో రాస్తే ప్రతాప్‌గాడు నిన్ను చంపేసేవాడు. అందుకే మెషీన్‌లో పొయ్యమని రాశాను. నంబరొస్తే చాలు, కారణం ఎవడిక్కావాలి అనుకున్నా. ఇన్నేళ్లూ నాకు తెలియనిదల్లా ఒక్కటే. నువ్వు పోశావా, లేదా? పొయ్యలేదేమో, మర్చిపోయావేమో అనుకునేవాణ్ణి. మా నాన్నకీ అదే చెప్పాను. మా ఫ్రెండు మర్చిపోయుంటాడు నాన్నా, లేకపోతే వచ్చి చెప్పేవాడు అని." చీటీ మీది ముద్రని బొటనవేలితో తడిమాడు, అంచు చూస్తున్నట్టు. "సోమవారమే పోశావన్నమాట."

"అవును."

"ఆయన పోయారు, తెలుసుగా."

"తెలియదు," అన్నాను.

చీటీ నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. కళ్లజోడు తీసి దాన్నీ జేబులో పెట్టుకున్నాడు. మా ఇద్దరి మధ్యా క్యాంపింగ్ కుర్చీ ఒకటి ఉంది. దాన్ని రెండు చేతులతో ఎత్తి, చప్పుడు కాకుండా, మెల్లగా గోడవారగా పెట్టాడు. నాకు అర్థమైంది. చేతులు కిందకి దించుకుని నిలబడ్డాను. కుడి అరచెయ్యి నా ఎడమ చెంప మీద పడింది. వాళ్ల నాన్న గ్లాసు పైన బియ్యం చదును చేసే చెయ్యి అలాగే ఉండేదేమో, వెడల్పుగా, తొందర లేకుండా. నోట్లో ఉప్పగా తగిలింది. లోపల మేఘన ఇంకా గట్టిగా లెక్కపెడుతోంది.

"లాభం," అన్నాడు సత్తిబాబు.

నేను రెండు కోసం నిలబడే ఉన్నాను.